తొంభై అన్న శబ్దం ఎక్కడ పుట్టినది?



ధర్మం తెలియనివాడు అధర్మం చేయడంలో ఆశ్చర్యం లేదు. తెలిసినవాడు చేయడమే ఆశ్చర్యం. భగవద్గీత తృతీయాధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న ఇదియే: తనకు ఇష్టం లేకపోయినను, ఎవరో బలవంతంగా నియోగించినట్లు, మానవుడు దేని ప్రేరణచేత పాపం చేయుచున్నాడు? దుర్యోధనుని పేర పెద్దలు చెప్పుకొనే మాట ఒకటి ఉన్నది. ధర్మమేదో తనకు తెలియుననీ, దానియందు ప్రవృత్తి మాత్రం కలుగుట లేదనీ ఆతడు అన్నాడట. ఈ రెండు సందర్భాలనూ నేను చాలా ఏండ్లుగా సత్సంగంలో వివరించుచున్నాను. అయితే ఆ ప్రశ్న అర్జునునిది కాదు, నాదే అని నాకు తెలిసినది 2018 అక్టోబరు మాసంలో, మా కొబ్బరితోట గట్టుమీద.

నేను శ్రీకాకుళంలో ఉపాధ్యాయవృత్తి చేసి విశ్రాంతి పొందినవాడను. స్వగ్రామం ఉద్దానంలో. ఉద్యానమనే పదమే ఉద్దానమైనదని మా ప్రాంతంలో చెప్పుకొంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదానినొకటి ఆనుకొని సముద్రం దాకా సాగుతాయి. ఆ సంవత్సరం శరన్నవరాత్రులు ఆరంభమైన మరునాడు, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినది. తెల్లవారేసరికి తాతల కాలంనాటి వృక్షాలు నేలమీద ఉన్నాయి. కొబ్బరిచెట్టు మా వైపు పెంపుడు బిడ్డతో సమానం. నాటిన తరువాత కాపుకు ఎన్నో ఏండ్లు పడుతుంది. పడిపోయిన దానిని చూస్తూ మగవారు సైతం బాహాటంగా ఏడ్చారు.

మాది చిన్న తోట. మొత్తం 110 చెట్లు. నష్టం లెక్క వ్రాసే ఉద్యోగులు వస్తున్నారని తెలిసి, నేనూ మా తోటను ముప్పది ఏండ్లుగా కాపాడుచున్న వృద్ధుడూ ఆ ఉదయమే తోటంతా తిరిగాము. పడిన ప్రతి మానుకూ ఆతడు సున్నంతో బొట్టు పెట్టినాడు. నేను కాగితంమీద గీత గీశాను. లెక్క 68 అని తేలినది.

మధ్యాహ్నం వచ్చిన యువకుడు నా పూర్వవిద్యార్థి. దినముల తరబడి నిద్ర లేక ఆతని కన్నులు ఎఱ్ఱబడి ఉన్నాయి. దారికి అడ్డంగా మానులు పడి ఉన్నందున తోటలోకి రావడం కష్టం. "సార్, మీరు చెప్పండి చాలు. మీ మాట మీద నేను మళ్ళీ లెక్కపెట్టాలా?" అన్నాడు, కలం తీసి.

"తొంభై" అన్నాను.

పాఠకమహాశయులారా, ఇందులో ఒక విషయం గమనించండి. నేను ఆలోచించి అబద్ధం చెప్పలేదు. 68 అని చెప్పడానికే నోరు తెఱచాను. వెలువడినది మాత్రం వేరు. ఆ శబ్దాన్ని ఇతరులతోపాటు నేనూ విన్నాను. ఆతడు వ్రాసుకొన్నాడు, నమస్కరించాడు, వెళ్ళిపోయాడు. సరిదిద్దడానికి నాకు పది అంగల దూరమంత వ్యవధి ఉన్నది. ఆ పది అంగలూ ఆతడు నడచాడు. నేను నిలబడే ఉన్నాను. మొదటి మాట నా వశంలో లేదని వాదించవచ్చును. ఆ పిదపటి మౌనం గురించి మాత్రం అట్లు వాదించలేను.

ప్రక్కనే ఉన్న వృద్ధుడు కొంతసేపు సున్నపుముంతను చూస్తూ ఊరకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "బాబూ, పొద్దున్న మనం బొట్టెట్టినివి అరవై ఎనిమిదే కదేటి? నానే తప్పు నెక్కెట్టినానేటి?"

నా మీద ఆతనికి అనుమానం రాలేదు. తన మీద వచ్చినది. "నీ లెక్క సరియైనదేలే. వాళ్ళు ఎలాగూ తగ్గించి రాస్తారు. మనం కాస్త పెంచి చెప్తేనే ఉన్నది దక్కుతుంది" అని సమాధానం చెప్పాను. ఆ వాక్యం ఎంత సిద్ధంగా ఉన్నదో చూడండి! సత్యం పలకడానికి తడబడిన నాలుక, సమర్థనకు క్షణమైనా తడుముకొనలేదు. విజయనగరంలో నివసించిన గురజాడ అప్పారావుగారు 1892లో ప్రదర్శింపబడి 1897లో ముద్రితమైన కన్యాశుల్కంలో గిరీశాన్ని సృష్టించారు. ఏ పనికైనా తగిన సిద్ధాంతాన్ని అప్పటికప్పుడు పుట్టించగల వాక్చతురుడాతడు. నూటికి పైబడి సంవత్సరాలుగా మనం ఆతనిని రంగస్థలంమీద చూచి నవ్వుచున్నాము. ఆ దినం ఆతడు నా గొంతుతో మాట్లాడినాడు. నవ్వు రాలేదు.

ఆ శనివారం సత్సంగంలో యాదృచ్ఛికంగా గీతా తృతీయాధ్యాయమే వచ్చినది. అర్జునుని ప్రశ్న చదివాను. రజోగుణసముద్భవమైన కామమే, క్రోధమే వైరి అని భగవానుడు చెప్పిన సమాధానాన్ని ఎప్పటివలె వివరించబోయాను. మాట సాగలేదు. ఆరోగ్యం బాగులేదని చెప్పి ముగించాను. అది రెండవ అబద్ధం.

ఆ రాత్రి నుండి నన్ను నేను ఒక పాఠ్యాంశంగా పెట్టుకొని పరిశీలించసాగాను. కర్మకు మూలమేది? నాకు తోచిన క్రమాన్ని ఇక్కడ నివేదించుచున్నాను.

మొదటిది విశ్వాసం. నాకు సత్యంమీద విశ్వాసం లేదా? ఉన్నది. కాని మనలో విశ్వాసాలు రెండు అంతస్తులుగా ఉంటాయి. పై అంతస్తులో ఉన్నది శిష్యునికి తైత్తిరీయోపనిషత్తు చేసే ఉపదేశం: సత్యమే పలుకవలెను, ధర్మమే ఆచరించవలెను. అడుగు అంతస్తులో ఉన్నది ఎవరూ ఉపదేశించనిది: లెక్క వ్రాసేవాడు తగ్గిస్తాడు, కనుక పెంచి చెప్పడం అబద్ధం కాదు, ఆత్మరక్షణ. ఇది నాకు ఎప్పుడు ఏర్పడినదో వెదకితే 2013 ఫైలిన్ తుఫాను కనబడినది. అప్పుడు మా వీధిలో ఉన్నది ఉన్నట్లు చెప్పినవారు నష్టపోయారనే మాట పదే పదే విన్నాను. అది ఎంతవరకు నిజమో నేను విచారించలేదు. విచారించకుండా లోపలికి రానిచ్చిన ఆ మాట అయిదేండ్లు మౌనంగా కూర్చుండి, సమయం రాగానే నా బదులు సమాధానం చెప్పినది. మనం ప్రకటించే విశ్వాసం మన ఉపన్యాసాలను నడుపుతుంది. ప్రకటించని విశ్వాసం మన చేతులను నడుపుతుంది.

రెండవది సంస్కారం. ఒక్క విశ్వాసమే అంత వేగంగా నాలుకను కదలించలేదు. దానికి అరగిన బాట ఉండాలి. వృత్తులు సంస్కారాలను కలిగిస్తాయి, సంస్కారాలు మరల వృత్తులను కలిగిస్తాయి, ఈ చక్రం అహర్నిశలూ తిరుగుచున్నదని యోగసూత్రాలకు భాష్యం వ్రాసిన వ్యాసమహర్షి వివరిస్తారు. నా చక్రం ఎక్కడ ఆరంభమైనది? బాల్యంలో మా ఇంటి అరుగుమీద కాయల పంపకం జరిగేది. తోటలో పనిచేసినవారికి భాగం ఇచ్చేటప్పుడు ఒక్కొక్క కుప్పలో ఒకటి రెండు కాయలు మా వైపు జరగడం చూచేవాడిని. ఎవరూ దానిని దొంగతనం అనలేదు. దానికి పేరే లేదు. పేరు లేని పాపం అంత సులభంగా అలవాటవుతుంది. పెద్దవాడనైన తరువాత ప్రయాణభత్యంలో, కూలి దినాలలో, చందాలలో సంఖ్య ఎప్పుడూ నా వైపే కొంచెం మొగ్గు చూపేది. ఒక్కసారి కూడ పెద్ద మొత్తం కాదు. పతంజలి హింస, అసత్యం మొదలైన వితర్కాలను వర్గీకరిస్తూ స్వయంగా చేసినవి, చేయించినవి, అనుమోదించినవి అని మూడు విధాలుగా, లోభ క్రోధ మోహపూర్వకాలని మూడు విధాలుగా, మృదు మధ్య అధిమాత్రాలని మూడు విధాలుగా చెప్పారు. గుణిస్తే 27. ఇన్నాళ్ళూ దీనిని సూక్ష్మబుద్ధికి ఉదాహరణగా మాత్రమే బోధించాను. ఇప్పుడు తెలిసినది, అది అద్దమని. అనుమోదనంతో ఆరంభమై, మృదువుగా ఉన్నందున గుర్తింపబడక, లోభమోహాలతో పెరిగి, 90 అనే సంఖ్యగా నా నోట పలికినది ఏబది ఏండ్ల సాధన. విపరీతసాధన.

మూడవది చైతన్యం. ఇక్కడే నాకు అసలైన ప్రమాదం కనబడినది. వేదాంతం చదివినవానికి తప్పించుకొనే దారులు సామాన్యుని కంటె ఎక్కువ. గీత అష్టాదశాధ్యాయంలో కర్మకు కారణాలు అయిదని ఉన్నది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. కేవలుడైన ఆత్మను కర్తగా చూచేవాడు సరిగా చూచుట లేదని కూడ అక్కడనే ఉన్నది. నా మనస్సు వెంటనే దీనిని పట్టుకొన్నది: చూశావా, పలికినది వాగింద్రియం, ప్రేరేపించినది సంస్కారం, ఆత్మ అకర్త, నీకు అంటినదేమున్నది? ఆహా, ఎంత మధురమైన విషం! సాక్షి అకర్త అన్నది సత్యమే. అయితే ఆ వాక్యాన్ని అప్పుడు ఉచ్చరించినది సాక్షి కాదు. 22 చెట్ల పరిహారం ఆశించుచున్న అహంకారమే సాక్షి వేషం వేసుకొని, తనకు తానే వకాల్తా పుచ్చుకొన్నది. ఫలం కావలసినప్పుడు భోక్తగా, దోషం వచ్చినప్పుడు సాక్షిగా ఉండడానికి శాస్త్రం అంగీకరించదు.

ఈ సందర్భంలో మా ప్రాంతపు మహనీయుడొకరు స్మరణకు వచ్చారు. బొబ్బిలి సమీపంలోని కలువరాయి గ్రామంలో 1878లో జన్మించిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రిగారు. 1900లో నవద్వీప పండితసభలో కావ్యకంఠ బిరుదం పొందినవారు. మంత్రజపాలలో, ఉపవాసదీక్షలలో సంవత్సరాలు గడిపినవారు. అట్టివారు 1907 నవంబరులో అరుణాచలంలో విరూపాక్ష గుహకు వెళ్ళి, అప్పటికి ఇరువది ఏడు ఏండ్లవాడైన మౌనియోగి పాదాలపై పడి, చదువవలసినవన్నీ చదివాననీ, జపం తృప్తిగా చేశాననీ, అయినను తపస్సు అంటే ఏమిటో తెలియలేదనీ విన్నవించుకొన్నారు. ఆ యోగి ఇచ్చిన ఉత్తరం సంక్షిప్తం: 'నేను' అనే స్ఫురణ ఎక్కడనుండి పుట్టుచున్నదో పరిశీలిస్తే మనస్సు అక్కడ లీనమగును, అదే తపస్సు, మంత్రం జపించేటప్పుడు ఆ నాదం ఎక్కడనుండి ఉదయించుచున్నదో పరిశీలించినా మనస్సు అక్కడనే లీనమగును, అదే తపస్సు. ఆ యోగికి భగవాన్ శ్రీరమణమహర్షి అని నామకరణం చేసినవారు కావ్యకంఠులే. తరువాత శ్రీరమణగీతను 18 అధ్యాయాలుగా రచించి, మనోనిగ్రహోపాయానికి ఒక అధ్యాయాన్ని ప్రత్యేకంగా కేటాయించినవారూ వారే.

ఆ మహావిద్వాంసుని ప్రశ్నకూ నా అల్పమైన అబద్ధానికీ పోలిక ఎక్కడిది అని మీరు అడుగవచ్చును. పోలిక ఒక్కచోటనే. అంత పాండిత్యం తరువాత ఆయన 'నాకు తెలియలేదు' అనగలిగారు. నేను మాత్రం తెలియకపోవడాన్ని ఆరోగ్యం బాగులేదనే మాటతో కప్పుకొన్నాను. ఆ ఉపదేశాన్ని నాకు తగిన స్థాయికి దించుకొని ఆ రాత్రి ప్రయోగించి చూచాను. మంత్రనాదం ఎక్కడ పుట్టినదని కాక, 'తొంభై' అన్న శబ్దం ఎక్కడ పుట్టినదని వెదకాను. కన్నులు మూసుకొని ఆ మధ్యాహ్నాన్ని మరల నిలుపుకొన్నాను. కలం, గట్టు, సున్నపుబొట్లు. 68 అనే మాట కంఠం దాకా వచ్చినది. అప్పుడు హృదయప్రాంతంలో ఒక సంకోచం, ఒక బిగువు. ఆ బిగువుకు భాష లేదు. భాషలోకి దించితే ఇట్లుండవచ్చును: నాకు చాలదేమో. అంతే. పడిపోయిన తోటను చూచిన భయం. ఆ భయం సంస్కారాన్ని పిలిచినది, సంస్కారం విశ్వాసాన్ని పిలిచినది, విశ్వాసం సంఖ్యను పలికినది. లోభమని నేను పేరు పెట్టినదానికి అడుగున ఉన్నది భయం. దానిని తిట్టినంతకాలం అది దాగి ఉన్నది. చూచినప్పుడు అది కొంచెం సడలినది.

చూడగానే అంతా అయిపోలేదు. చూడడం తరువాత నడవడం ఉన్నది. మరునాడు ఆ యువకుని ఇంటికి వెళ్ళి జరిగినది చెప్పాను. ఆతని ముఖం పాలిపోయినది. "సార్, ఇప్పుడు మారిస్తే నేను తోటలోకి రాలేదని తెలిసిపోతుంది" అన్నాడు. ఒక అబద్ధాన్ని సరిదిద్దబోతే మరొకరి జీవనోపాధి మీదికి వచ్చుచున్నదని నాకు అప్పుడు బోధపడినది. కర్మ ఒంటరిగా ఉండదు. బావిలో వేసిన చేద వలె, పైకి లాగేటప్పుడు ఎంత బరువో తెలుస్తుంది. నేను ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి ఆతడే లేచి, "అభ్యంతరాలు ఇంకా తీసుకొంటున్నారు సార్. పదండి, నేనే వచ్చి లెక్కపెడతాను" అన్నాడు.

ఆతడు మానులమీదుగా ఎక్కి దిగి, ప్రతి సున్నపుబొట్టునూ తాకుచూ లెక్కించాడు. 68. తిరిగి వ్రాశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు ప్రక్క తోట యజమాని తన సంఖ్య చెప్పబోతే, "నేను చూసి రాసుకొంటానండి" అని లోపలికి నడచాడు. గురువు మాట మీద ఆతనికి ఉండిన నమ్మకాన్ని నేను వ్యయం చేశాను. చెట్లకు పరిహారం వచ్చినది. దానికి రాలేదు.

ఇక వృద్ధుడు. లెక్క మారినదని విని ఆతడు ఆడిన మాట ఒక్కటే: "అయితే నా నెక్క తప్పు కాదన్నమాట బాబూ." ఆ ముఖంలోని ఊరటను చూచినప్పుడు నా అబద్ధం ఎవరిని ఎక్కువ బాధించినదో అర్థమైనది. ఇన్ని దినాలూ ఆతడు తన వృద్ధాప్యాన్ని, తన చూపును, తన లెక్కను శంకించుకొంటూ గడిపాడు. మనం సత్యాన్ని వంచినప్పుడు, మనయందు విశ్వాసం గలవారు తమ ఇంద్రియాలనే అవిశ్వసించవలసి వస్తుంది. ఇంతకంటె పెద్ద హింస ఏమున్నది?

అక్కడితో కథ ముగిసినదని అనుకొనకండి. తరువాతి శనివారం సత్సంగానికి వెళ్ళేటప్పుడు, ఈ వృత్తాంతమంతా ఎట్లు చెప్పాలో, ఎక్కడ ఆగాలో, శ్రోతల కన్నులు ఎక్కడ చెమ్మగిల్లునో మనస్సులో అమర్చుకొనుచున్న నన్ను నేను పట్టుకొన్నాను. పాత సంస్కారమే ఇది. లెక్కలో నా వైపు మొగ్గు. ఇదివరకు కాయలలో, ఇప్పుడు కీర్తిలో. ఆ వారం చెప్పలేదు. అనేక సంవత్సరాలు చెప్పలేదు. నేడు పేరు లేకుండా వ్రాయుచున్నాను. ఇందులోనూ ఎంత మొగ్గు ఉన్నదో కర్మసాక్షికే తెలియును.

కర్మసాక్షి అన్నాను కనుక అరసవిల్లి గురించి రెండు మాటలు. మన సూర్యనారాయణస్వామి ఆలయంలో మార్చి, అక్టోబరు మాసాలలో కొన్ని దినాలు ప్రాతఃకాలపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను స్పృశిస్తాయి. ఆ దృశ్యం కోసం వేలాదిమంది తరలివస్తారు. అయితే ఆ దినాలలో మాత్రమే సూర్యుడు ఉదయించుచున్నాడా? కిరణం ప్రతిదినం ఉన్నది. ద్వారం, దిశ, కాలం ఒక వరుసకు వచ్చినప్పుడు అది గర్భాలయంలోకి ప్రవేశించుచున్నది. చైతన్యమూ అట్టిదే. అది రావడమూ లేదు, పోవడమూ లేదు. మాటకూ మనస్సుకూ నడుమ ఒక ద్వారం తెఱచి ఉంటే దాని వెలుగు కర్మమీద పడుతుంది.

ఆ ద్వారం తెఱచే ఉపాయం అభ్యాసవైరాగ్యాలు. చిత్తనది రెండు వైపులకు ప్రవహిస్తుందనీ, ఒకటి కల్యాణానికి, మరొకటి పాపానికి అనీ, వైరాగ్యం ఒక ప్రవాహానికి అడ్డుకట్ట వేస్తే, అభ్యాసం రెండవ ప్రవాహానికి దారి తెఱచుననీ వ్యాసభాష్యం చెప్పుచున్నది. నాగావళి, వంశధారల నడుమ బ్రతికే మనకు ఇది ఉపమానం కాదు, అనుభవం. ఒడిశా కొండలలో పుట్టి వచ్చే వంశధారకు గొట్టా వద్ద బ్యారేజి కట్టి కాలువలలోకి మళ్ళించారు. నదిని ఎండగట్టలేదు. తలుపులు దింపారు, కాలువ తవ్వారు. తలుపులు దింపి కాలువ తవ్వకపోతే నీరు గట్టు తెంచుకొంటుంది. కాలువ తవ్వి తలుపులు దింపకపోతే చుక్క ఎక్కదు. నిగ్రహం మాత్రమే చేసేవారు కోపిష్ఠులు కావడం, సత్కార్యాలు మాత్రమే చేసేవారు అలసిపోవడం మనం చూచుచునే ఉన్నాము.

నా కాలువ చాలా చిన్నది. సంఖ్య చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ, అది పాలలెక్క అయినా, వయస్సయినా, సత్సంగానికి వచ్చినవారి సంఖ్య అయినా, ఒక్క శ్వాస ఆగి చెప్పడం. ఆ శ్వాసలో హృదయం వద్ద బిగువు ఉన్నదా అని చూడడం. ఉంటే దానిని తిట్టక, పేరు పెట్టక, ఉన్నదని గుర్తించడం. పిదప ఉన్న సంఖ్యను పలకడం. మొదటి సంవత్సరం ఎన్నోసార్లు శ్వాస మరచి సంఖ్య వెలువడినది. అట్టి ప్రతిసారీ వెంటనే సరిదిద్దుకొన్నాను. దుకాణంలో, బంధువుల యెదుట, సిగ్గుతో. ఆ సిగ్గే వైరాగ్యపు తలుపు అయినదని నా నమ్మకం. ఇప్పుడు మరచుట తగ్గినది. పోలేదు.

ధర్మవిశ్వాసం విత్తనం, సంస్కారం భూమి, చైతన్యం వెలుగు. విత్తనం మంచిదైనంత మాత్రాన పంట రాదు. ఏబది ఏండ్లుగా మరొక పైరుకు అలవాటుపడిన భూమిని దున్నవలెను. దున్నుచున్న చేతికి వెలుగు కావలెను. ఎవరైనను సాధకులు 'నాకు ధర్మం తెలుసు, అయినా చేయలేకపోవుచున్నాను' అని వగచుచుంటే, వారికి నేను చెప్పగలిగినది ఒక్కటే. చేసిన పనిని కాక, దాని ముందటి క్షణాన్ని చూడండి. అక్కడ మీకు దుర్యోధనుడు కనబడడు. భయపడుచున్న ఒక పసివాడు కనబడతాడు. వానిని కనుగొన్న పిదప తప్పును సరిదిద్దడానికి నడవండి. పది అంగల దూరంలో ఉండగానే పిలవడం ఉత్తమం. పది దినాల తరువాతనైనను పిలవడం మధ్యమం.

పడిన 68 చెట్ల స్థానంలో మొక్కలు నాటాము. కొన్ని ఎండినవి, కొన్ని నిలిచినవి. మొన్న తోటకు వెళ్ళినప్పుడు వృద్ధుడు, ఇప్పుడు కఱ్ఱ ఊతంతో నడుస్తూ, "ఎన్ని బతికినాయో నెక్కెట్టండి బాబూ" అన్నాడు. ఒక శ్వాస ఆగాను. "నువ్వే లెక్కపెట్టు, నేను రాసుకొంటాను" అన్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.